అనావేశిత కణం

జవాబుల కీ చదివేటప్పుడు ప్రశ్నపత్రం ముందు పెట్టుకునేవాళ్లు ఆ హాలంతా వెతికినా ఇద్దరో ముగ్గురో ఉంటారు. పెట్టుకోవాల్సిన అవసరం మాత్రం ఏముంది? పరీక్ష రాసింది పిల్లలు, దిద్దేది మనం, మనకు కావలసింది జవాబులు. పెద్దసారు మైకు పట్టుకుని, "ఒకటి, ఆంపియర్. రెండు, పుటాకార దర్పణం. మూడు, జడత్వం" అని చదువుతూ పోతుంటే డెబ్బై మంది టీచర్లు తలలు వంచుకుని తమ తమ కాగితాల మీద టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఏడో ప్రశ్న దగ్గర ఆయన "న్యూట్రాన్" అన్నాడు. డెబ్బై టిక్కులు పడ్డాయి. అందులో ఒకటి సైన్సు టీచరమ్మది. తర్వాత్తర్వాత ఆ టిక్కు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన చెయ్యి తనే విరుచుకోవాలనిపించేది.

పదో తరగతి పేపర్లు దిద్దడానికి సెలవులిచ్చేసిన ఒక పెద్ద బడిని కేంద్రం చేశారు. అవి పిల్లల కోసం చేయించిన బల్లలు, కాలు కదిపితే మోకాలు కిందనుంచి కొట్టుకునేది. కట్టకు ఇరవై పేపర్లు, రోజుకు రెండు కట్టలు. పేపరు మీద పేరుండదు, బడి పేరుండదు, మూల చింపేసిన చోట ఒక కోడ్ నంబరు ఉంటుంది. మార్జిన్‌లో మార్కు వేసి గుండ్రంగా చుట్టాలి, మొదటి పేజీ గళ్లలో ఎక్కించాలి, కూడాలి, సంతకం పెట్టాలి. వేసిన మార్కు మారిస్తే, దిద్దిన చోట పొట్టి సంతకం పెట్టాలి. అది లేకపోతే కట్ట కదలదు.

టీచరమ్మకు తనదంటూ ఒక పద్ధతి ఉంది. ముందు ఇరవై పేపర్లలోనూ ఒక మార్కు ప్రశ్నలు దిద్దేసి, ఆ తర్వాత పెద్దవాటికి పోతుంది. మొదటి పేపరులో ఏడో ప్రశ్నకు జవాబు ప్రోటాన్. సున్నా చుట్టింది. రెండో పేపరు కూడా ప్రోటాన్. మూడోది న్యూట్రాన్, ఒకటి. నాలుగూ అయిదూ మళ్లీ ప్రోటానే. 'ఈ ఏడాది పిల్లలకేం పొయ్యేకాలం వచ్చింది, న్యూట్రాన్ కూడా తెలీదా' అని లోపల్లోపల విసుక్కుని ఆరోది తీసింది.

ఆరో పేపరు చేతిరాత ఎడమ పక్కకు వాలి ఉంది. ఏడో నంబరు ఎదురుగా ఇలా ఉంది: ప్రోటాన్. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కదా.

ఆ 'కదా' దగ్గర ఎర్ర పెన్ను ఆగింది. పరీక్షలో 'కదా' అని ఎవరు రాస్తారు? ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నట్టు, ఆ మనిషి అవునని తలూపుతుందన్న నమ్మకం ఉన్నట్టు రాసింది ఆ పిల్ల. నిజానికి పిల్లో పిల్లాడో ఎవరికి తెలుసు. టీచరమ్మ మనసులో మాత్రం పిల్ల అయి కూర్చుంది. ఆమె బల్ల కిందనుంచి సంచీ లాగి, నాలుగు మడతలు పెట్టి పడేసిన ప్రశ్నపత్రం విప్పింది.

'పరమాణు కేంద్రకంలోని ఆవేశిత కణం ఏది?'

రెండోసారి వేలు పెట్టి చదివింది. అడగాల్సింది అనావేశిత కణం. ఏళ్ల తరబడి పుస్తకంలోనూ గైడులోనూ ఉన్న ప్రశ్న అదే. కంపోజింగ్ దగ్గరో ప్రూఫు దగ్గరో 'న' ఎగిరిపోయి, 'అనా' కాస్తా 'ఆ' అయింది. కేంద్రకంలో ఉండేవి రెండే రకాల కణాలు. ప్రోటాన్‌కు ధనావేశం ఉంది, న్యూట్రాన్‌కు ఏ ఆవేశమూ లేదు. ఋణావేశం ఉన్న ఎలక్ట్రాన్ అసలు లోపలే ఉండదు, బయట తిరుగుతుంది. అచ్చయిన ప్రశ్నకు జవాబు ముమ్మాటికీ ప్రోటానే. ప్రశ్న చదివి, ఆలోచించి రాసిన పిల్లకు సున్నా. ప్రశ్న వైపు చూడకుండా గైడులో బట్టీ కొట్టింది కక్కినవాడికి మార్కు. పైగా ఆ పిల్లలను ఇంతకు ముందే తను తిట్టుకుంది. టీచరమ్మకు చెవులు వేడెక్కాయి.

ఆమె ప్రశ్నపత్రం పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లింది. ఆయన ముఖ్య పరీక్షకుడు, ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"తప్పు పడిందమ్మా" అన్నాడు.

"అయితే కీ మార్చండి సార్."

"కీ నేను రాసిందా మార్చడానికి? పైనుంచి వచ్చింది. ఇప్పుడే పైకి రాస్తాను."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా నీకు తోచినట్టు చెయ్యి తల్లీ" అని ఆయన కళ్లజోడు కిందికి దించుకున్నాడు.

ఆమె తనకు తోచినట్టే చేసింది. నాలుగు పేపర్లలో వేసిన సున్నాలు కొట్టేసి ఒకటి వేసి, దిద్దిన ప్రతిచోటా పొట్టి సంతకం పెట్టింది. న్యూట్రాన్ రాసినవాళ్ల మార్కు తీసేయలేదు. తప్పు ప్రశ్న అడిగినందుకు వాళ్లను దండించడం ఎందుకు? సాయంత్రానికి ఎడమవాటం పేపరు పూర్తయింది. ఆ పిల్ల చదువులో అంతంతమాత్రమే. కాంతి కిరణాల పటం తలకిందులుగా గీసింది, లెక్కల్లో ప్రమాణాలు మరిచిపోయింది. గళ్లన్నీ కూడితే ముప్పై అయిదు వచ్చింది. సరిగ్గా పాసు గీత మీద. టీచరమ్మ కింది నుంచి పైకి మళ్లీ కూడింది. ముప్పై అయిదే.

*

రెండో రోజు పొద్దున ఆమె విషయం చెబుతుంటే మొగుడు వింటూనే రాగి తీగ చుడుతున్నాడు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. ఇంటికింద గదే కొట్టు. ఎప్పుడు చూసినా అతని చేతులు వార్నిషు వాసన వేస్తుంటాయి.

"మిగతావాళ్లు ఏమంటున్నారు?" అన్నాడు చుట్లు లెక్క తప్పకుండా.

"పక్కనున్నవాళ్లకు చెప్పి చూశాను, మేం తటస్థం అంటున్నారు."

"న్యూట్రలా?" అతను నవ్వాడు. "షాక్ కొట్టదు కదాని న్యూట్రల్ తీగను లెక్కచెయ్యరు జనం. అది తెగిన రోజే ఇంట్లో సామానంతా కాలేది. మాకు గిరాకీ అంతా దానివల్లే."

"నా కాగితం ఆఫీసులో ఉందండీ." ఆరేళ్లుగా కాంట్రాక్టు ఆమెది. ఏటా బడులు తెరిచే ముందు ఆఫీసు నుంచి కాగితం వస్తే ఆ ఏడాదికి టీచరు, రాకపోతే కాదు.

"తెలుసు" అని అతను మళ్లీ చుట్లలో పడ్డాడు.

మధ్యాహ్నానికి పైనుంచి జవాబు వచ్చింది. జవాబు అంటే ఒక్క వాక్యం. పంపిన కీ ప్రకారమే దిద్దవలెను. పెద్దసారు దాన్ని మైకులో చదివి, ఏ ప్రశ్న గురించో కూడా చెప్పకుండా మైకు ఆపేశాడు. టీ తాగుతున్నవాళ్లు టీ తాగుతూనే ఉన్నారు. టీచరమ్మ లేచి, ఏడో ప్రశ్న అందరూ ఒక్కసారి చదవమని గట్టిగా అడిగింది. కొందరు చదివారు. చదివినవాళ్లకు అర్థమైంది కూడా. "అవును, తప్పే" అన్నారు. అని మళ్లీ కట్టలు విప్పుకున్నారు.

"ఒక్క మార్కు కోసం ఎందుకంత ఆవేశం నీకు?" అంది పక్క కుర్చీ మేడం. చెడ్డ మనిషి కాదు. ప్లాస్కులో తెచ్చుకున్న టీలో సగం రోజూ టీచరమ్మకే పోస్తుంది.

"న్యూట్రాన్‌కు లేదని తీసుకొచ్చి నాకు పెట్టారు" అంది టీచరమ్మ.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆ పూట నుంచి ఆమె పేరు ఆవేశం మేడం అయిపోయింది. నీళ్ల కుండ దగ్గర, సంతకాల రిజిస్టరు దగ్గర, "ఏమ్మా ఆవేశం మేడం, ఛార్జింగ్ ఎంతుంది?" అని పలకరింపులు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే మరీ ఆవేశపడినట్టు ఉంటుందని. నవ్వి, తన కట్ట విప్పుకుని, ప్రోటాన్ కనిపించిన ప్రతి పేపరులోనూ నిదానంగా ఒకటి వేసి గుండ్రంగా చుట్టింది.

*

దిద్దిన కట్టలను మళ్లీ ఒకసారి చూసే ఆయన్ను అందరూ సున్నాల సారు అంటారు. వేయని సున్నాను, కూడని సున్నాను ఆమడ దూరం నుంచి పట్టేస్తాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక రోజు పని పేరుకుని ఉంటుంది. మూడో రోజు పదకొండు గంటలకు టీచరమ్మ మొదటి కట్ట ఆయన చేతికొచ్చింది. పన్నెండుకల్లా ఆమె దిద్దిన అయిదు కట్టలూ పెద్దసారు బల్ల మీద ఉన్నాయి.

"యాభై మూడు పేపర్లండీ" అన్నాడు సున్నాల సారు. "అన్నీ ఏడో ప్రశ్నే."

పెద్దసారు ఆమె వైపు చూడకుండానే అడిగాడు. "ఏంటమ్మా ఇది?"

"మీరే అన్నారు కద సార్, తోచినట్టు చెయ్యమని."

"పైనుంచి జవాబు వచ్చేదాకా అన్నాను. వచ్చాక కూడా వేశావు."

"వచ్చిన జవాబులో ఆవేశం ఉన్న కణం న్యూట్రాన్ అని ఎక్కడుంది సార్? మీరు ముప్పై ఏళ్లు చెప్పారు, మీరు చెప్పండి. ఆ ప్రశ్నకు జవాబు ఏంటి?"

సున్నాల సారు కిటికీ వైపు తిరిగి, "నన్ను మధ్యలోకి లాగకండి, నేను కూడికలు చూసేవాణ్ణి" అన్నాడు, ఎవరూ లాగకపోయినా.

తర్వాత పని మొదలైంది. సున్నాల సారు ఒక్కో పేపరు తీసి, ఆమె వేసిన ఒకటిని అడ్డంగా కొట్టి, సున్నా చుట్టి, మొత్తంలోంచి ఒకటి తగ్గించి, "సంతకం పెట్టమ్మా" అని ముందుకు తోశాడు. ఆమె పెట్టలేదు. కాసేపు చూసి ఆయనే పెట్టుకున్నాడు. అలా కొట్టుకుంటూ ఎడమవాటం పేపరు దగ్గరికి వచ్చాడు. మొదటి పేజీ చూసి ఆయన చెయ్యి కూడా ఆగింది.

"ఇది పోతుందండీ. ముప్పై నాలుగు అవుతుంది" అన్నాడు పెద్దసారుతో.

పెద్దసారు పేపరు తీసుకుని తిరగేశాడు. 'కదా' దగ్గర క్షణం ఆగాడు, చదివాడు. ఆయన ముఖం మెత్తబడింది. పేపరు టీచరమ్మ ముందు పెట్టి గొంతు తగ్గించాడు.

"నీ బాధ నాకు తెలీక కాదమ్మా. పదిహేనో ప్రశ్నలో రెండు వేశావు. అక్కడ మూడు చెయ్యి. ముప్పై నాలుగును ఎవరు వదిలేస్తారు? నేను చూడను, ఈయనా చూడడు."

సున్నాల సారు నిజంగానే చూడకుండా తల తిప్పుకున్నాడు.

టీచరమ్మ పదిహేనో ప్రశ్న తెరిచింది. తలకిందులు కిరణాల పటం. దానికి రెండే ఎక్కువ. పెన్ను ఆమె చేతిలోనే ఉంది. రెండును మూడు చేయడానికి ఒక చిన్న గీత చాలు. ఆ పిల్ల పాసవుతుంది, అందరూ టీకి పోతారు, జూన్‌లో కాగితం వస్తుంది. కానీ సరిగ్గా రాసిన చోట సున్నా పెట్టి, తప్పు గీసిన చోట దానం చేయడమేంటని ఆమెకు ఒళ్లు మండింది.

"ఆ పిల్లకు దొంగ మార్కు ఎందుకు సార్, సొంత మార్కు ఉండగా?" అంది. "మిగతా యాభై రెండు మంది మాటేంటి?"

"వాళ్లు ఎలాగూ పాసయ్యేవాళ్లేనమ్మా."

"అయితే వాళ్లు రాసింది తప్పయిపోతుందా?"

పెద్దసారు ఆమె ముందునుంచి పేపరు లాక్కున్నాడు. ఆయన చేత్తోనే ఒకటిని కొట్టేశాడు, ముప్పై అయిదును కొట్టేశాడు, ముప్పై నాలుగు రాసి పొట్టి సంతకం పెట్టాడు. ఎర్ర సిరా ఆరేదాకా పేపరు బల్ల మీదే ఉంది. తర్వాత కట్టలోకి పోయింది.

"ఇక నువ్వు రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాడు. ఆ తర్వాత ఒక తెల్ల కాగితం తీసి ఆమె ముందుకు తోశాడు. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. "నేను చెప్పేది రాయి. నీ మంచికే చెబుతున్నా. ఆవేశంలో జరిగిందంటే పైవాళ్లు క్షమిస్తారు. తెలిసి చేశానంటే క్షమించరు, నీ కాగితం ఆగిపోతుంది. రాయి. ఏడవ ప్రశ్నకు సంబంధించి..."

ఆమె రాసింది.

"...నేను ఆవేశంలో, కీకి విరుద్ధంగా మార్కులు వేశాను. ఇందుకు చింతిస్తున్నాను."

ఆమె రాస్తూ 'ఆవేశంలో' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, ఒక అక్షరం కలిపింది. నేను అనావేశంలో, కీకి విరుద్ధంగా మార్కులు వేశాను. చింతిస్తున్నాను అన్న ముక్క అసలు రాయలేదు. కింద సంతకం పెట్టి ఇచ్చింది. తను చెప్పిందే కదా అని పెద్దసారు చదవలేదు. ఆమె సంతకం కింద తన సంతకం పెట్టి, ముద్ర వేసి, కవరులో పెట్టాడు. సున్నాల సారు చూశాడేమో తెలీదు. చూసినా, అది కూడిక కాదు.

మెట్లు దిగుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఆ రోజుకు ఆమెకు దక్కింది ఆ ఒక్క 'న' మాత్రమే.

*

నాలుగో రోజు సాయంత్రం పక్క కుర్చీ మేడం కొట్టు దగ్గరికి వచ్చింది. చేతిలో ప్లాస్కు లేదు. మోటార్ల మధ్య స్టూలు మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "కీ మారింది" అంది.

టీచరమ్మ అర్థం కానట్టు చూసింది.

"వేరే కేంద్రాల నుంచి కూడా గోల లేచిందట. మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. ఏడో ప్రశ్నకు ప్రోటాన్ రాసినా న్యూట్రాన్ రాసినా మార్కు వెయ్యాలట. మైకులో రెండుసార్లు చదివారు." ఆమె కాస్త ఆగింది. "నువ్వు చెప్పిందే నిజమైంది."

"అయితే నా కట్టలు?"

పక్క కుర్చీ మేడం కొంగు చివర మెలిపెట్టింది. "ఇవాళ్టికి ఇంకా కేంద్రంలో ఉన్న కట్టలకేనట. లక్క సీలు పడ్డవి తెరవరట. మావి చాలావరకు అక్కడే ఉన్నాయి, దిద్దుకున్నాం. నీవి మాత్రం... గొడవ కట్టలని నిన్న సాయంత్రమే ముందుగా సీలు వేసి వ్యాను ఎక్కించేశారు."

తక్కినవాళ్లు ఏమీ పట్టించుకోకుండా సున్నాలు వేసిన పిల్లలకు మార్కులు వచ్చాయి. తను పోట్లాడిన యాభై మూడు మందికి రాలేదు. పోట్లాడకుండా ఉంటే ఆ కట్టలు కూడా ఇవాళ బల్ల మీదే ఉండేవి. ఈ లెక్క కట్టడానికి సున్నాల సారు అక్కర్లేదు. టీచరమ్మ గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. పక్క కుర్చీ మేడం కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

మొగుడు తీగ చుట్టడం ఎప్పుడో ఆపాడు. "ఆ పిల్లకు పదిహేనో దాంట్లో ఒకటి కలిపేసి ఉంటే..." అన్నాడు. దెప్పిపొడవాలని కాదు, ఊరికే తోచి అన్నాడు.

"కలిపి ఉంటే పాసయ్యేది" అందామె.

లోపలికి వెళ్లి బియ్యం కడిగింది. రెండుసార్లు కడిగి, కడగలేదనుకుని మూడోసారి కడిగింది. ఆ పిల్ల ఎక్కడో ఒకచోట ఫలితాల కోసం చూస్తూ ఉంటుంది. ఒక్క మార్కుతో పోయిందని తెలిశాక ఏ ప్రశ్న దగ్గర పోయిందో తలచుకుంటుంది. ఏడో ప్రశ్న మీద మాత్రం దానికి అనుమానం రాదు. నిన్న నేను పట్టుబట్టింది ఆ పిల్ల కోసమా, నా పంతం కోసమా అని టీచరమ్మ తనను తానే అడుక్కుంది. నిజంగానే ఒళ్లు తెలీని ఆవేశమా అది? గిన్నెలో నీళ్లు తేటగా ఉన్నాయి. ఆమె ఏడ్చింది.

*

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. గుమాస్తా మంచి మాటకారి. కుర్చీ చూపించాడు, ఫ్యాను స్విచ్చి వేశాడు. అతని బల్ల మీద అన్నీ పద్ధతిగా ఉన్నాయి. స్కేలు, పిన్నుల డబ్బా, దిద్దడానికి తెల్ల రంగు సీసా.

"అదృష్టవంతులు మేడం. మీ కాగితం ఆగలేదు. మా సారు ఒప్పుకున్నారు. ఆవేశంలో చేసిన పనికి ఆడమనిషి పొట్ట కొడతామా అన్నారు. ఇదిగో, ఆర్డరు టైపు కూడా అయింది." ఆమె పేరున్న కాగితం దూరం నుంచి చూపించి, దాని కింద ఉన్న ఇంకో కాగితం పైకి తీశాడు. "ఒక్క చిన్న సంతకం కావాలి, అంతే."

అది ఆమె రాసిచ్చిన కాగితం. ఒకచోట తెల్ల రంగు పూసి, దాని మీద నల్ల సిరాతో ఎంతో పొందిగ్గా దిద్ది ఉంది. నేను ఆవేశంలో, కీకి విరుద్ధంగా.

"మీరు కంగారులో అనావేశం అని రాశారు" అన్నాడు గుమాస్తా. "అలాంటి మాటే లేదు కదా మేడం తెలుగులో. నేనే సరిచేశాను. దిద్దినచోట పొట్టి సంతకం పెట్టేస్తే సరిపోతుంది."

"మీరే పట్టుకున్నారా?"

"మరి? ఒక్క అక్షరం అటూఇటూ అయినా మా దగ్గర ఫైలు కదలదు మేడం." అతని ముఖంలో కించిత్తు గర్వం కూడా ఉంది. "మీ పెద్దసారు సంతకం పెట్టేశారు గానీ చూసుకోలేదు."

టీచరమ్మ ఆ తెల్ల రంగును వేలితో తడిమింది. బాగా ఆరిపోయింది. కింద 'న' ఉన్నట్టు కూడా తెలియడం లేదు. ఇంత చిన్న అక్షరాన్ని పట్టుకోగల మనిషి ఉన్నాడన్నమాట ఈ ఆఫీసులో. ప్రశ్నపత్రం అచ్చుకు పోయిన రోజున ఈ మనిషి ఏ ఫైలు చూస్తున్నాడో. ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"ఆ కట్టలు తెరవరా ఇంక?" అని అడిగింది.

"ఏ కట్టలు?"

"సీలు వేసినవి. అందులో ఒక పేపరు ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయింది."

"అది మా సెక్షను కాదు మేడం." అతను పెన్ను మూత తీసి ఆమెకు అందించాడు. "ఇక్కడ, ఈ పక్కన."

ఆమె పెన్ను తీసుకుంది. ఈ సంతకం పెడితే ఈ ఏడాదికి టీచరు. ఏ తరగతి ఇచ్చినా మొదట పరమాణువు బొమ్మ గీసే చెప్పేది. పెట్టకపోతే రాగి తీగ చుట్టే మనిషి ఒక్కడి మీదే ఇల్లు. అదంతా ఆమెకు తెలుసు. కానీ అది ఆవేశమని తను ఒప్పుకుంటే, ఆ పిల్ల ఒక టీచరు విసురుకు ఫెయిలయినట్టు. చెయ్యగలిగిన చోట ఆ పిల్లకు మార్కు కలపలేదు. కలపకపోవడానికి కనీసం ఒక కారణం ఉండాలి, ఆ కారణం మీద కూడా తెల్ల రంగు పూస్తే ఇంకేం మిగలదు.

ఆమె చెయ్యి కదలకపోవడం చూసి గుమాస్తా కొంచెం ముందుకు వంగాడు.

"అప్పుడేదో ఆవేశంలో జరిగిపోయింది. అంతే కదా మేడం?"

'కదా' అన్నాడు. టీచరమ్మ తలెత్తి అతని వైపు చూసింది. అతను ఆమె అవునని తలూపుతుందని నమ్మకంగా చూస్తున్నాడు.

"కాదండీ" అంది.

పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచి లేచింది. గుమాస్తా ఒక నిమిషం ఎదురు చూశాడు. తర్వాత ఆ రెండు కాగితాలనూ ఒక్కటిగా పిన్ను చేసి, ఫైళ్ల దొంతరలో అన్నిటికన్నా అడుగున పెట్టి, "తర్వాతెవరండీ?" అన్నాడు గుమ్మం వైపు చూసి.